నూటెనిమిది కుట్లు

ఏడురోడ్ల కాడ నా గొడుగు కిందికి
ఓ పొద్దు పీఈటీ మాస్టరొచ్చి
గోనెసంచిలోంచి పదకొండు బంతులు కుమ్మరించినాడు.
తెల్లతోలు, ఎర్రదారం.
ఒక్కోటీ నోరు తెరుసుకునున్నాది
ఆకలేసిన పిట్టపిల్లనాగ.

"ఇయ్యి సెప్పులు కావు మాస్టారూ" అన్నాను.
"తోలే గదా యర్రయ్యా" అన్నాడు.

తోలే.
కానీ సెప్పుకి ఓ అంచుంటాది, అక్కడ దారం తెంపీయొచ్చు.
దీనికి మొదలు నేదు, సివర నేదు.
రెండు ముక్కలు ఒకదాన్నొకటి వాటేసుకుని
తిరిగి తిరిగి బయల్దేరిన కాడికే వస్తాయి.
లెక్కెట్టినాను, నూటెనిమిది కుట్లు.
"అష్టోత్తరమా యర్రయ్యా?" అని నవ్వినాడు మాస్టారు.
అప్పుడే ఆరె నా బొటనేలికి దిగినాది,
నాను నవ్వనేదు.

పదో బంతికి ఎర్రదారం అయిపోనాది.
పదకొండోదానికి నల్లదారం ఏసినాను,
స్కూలు బూట్లకి ఏసేది.
బంతికి పది రూపాయలు, డబ్బులు సోమారం.
సేతిలో మాత్రం ఓ టిక్కెట్టెట్టినాడు.

ఆదివారం దుకాణం బేగి కట్టీసి ఎల్లినాను.
నాగావళి గట్టు మీద మైదానం,
ఒకప్పుడు పుచ్చపాదులుండే ఇసక.
గేటుకాడ గుంటడు టిక్కెట్టు సూసి నన్ను సూసినాడు,
నన్ను సూసి మళ్ళీ టిక్కెట్టు సూసినాడు.

దీపాల స్తంభాలు, దీపాల సుట్టూ పురుగులు,
పురుగుల కోసం గబ్బిలాలు.
పక్కన గుజరాతీపేట పెద్దాయన, పేరు ధనుంజయ,
"వికెట్లేవండీ?" అంటాడు.
"నేవు" అన్నాను, తెలిసినోడినాగ.
"మరి ఔటెలాగ?"
దానికి పల్లీలు తిన్నాను.

మేచికి ఆరొందలంట ఒక్కోడికి, గెలిస్తే వెయ్యంట.
ఆటకి కూలి!
నా కళ్ళు మాత్రం ముందు కాళ్ళ మీదికే పోతాయి.
సీతంపేట కొండనుంచొచ్చిన గుంటడు, ఆరిక ముకుందు,
కర్ర భుజాన ఏసుకుని నిలబడ్డాడు.
ఎడమ బూటు మడమకాడ ఊడొచ్చేసినాది,
పరిగెడితే నాలికనాగ ఆడతాది.
ఆరొందలు రానీ, ముందు ఆ మడమ తేరా బాబూ నా కాడికి.

బంతి కర్ర అంచుకి తగిలి పక్కకెగిరి
కంచె కింద దూరి నా కాలికొచ్చి తగిలినాది.
తీసినాను.
నల్లదారం.
ఇంకా ఎచ్చగున్నాది, ఒక్క కుట్టూ వదలనేదు.
"తాతా, ఇసురు!" అని అరుస్తన్నారు.
అరవయ్యేళ్ళ సేతులు, ఆరె తప్ప ఏదీ ఇసరనేదు.
ఇసిరినాను. సగం దూరంలో పడ్డాది.
నవ్వినారు. నవ్వనీ.

మరుబంతికే
తలుపు గడియ ఇరిగినట్టు ఓ సప్పుడు.
దీపాల్ని దాటి, గబ్బిలాల్ని దాటి,
గోడని దాటి ఏట్లో పడ్డాది.
జనం మొత్తం నేసినారు,
ధనుంజయ "సిక్సరు!" అని నా ఈపు మీద సరిసినాడు.
వస్తువు పోతే సప్పట్లు కొట్టే సోటు
నాను ఇదివరకు సూడనేదు.

ముకుందు పరిగెట్టనేదు.
మడమ ఆడించుకుంటూ, సుట్టూ నాలుగు మూలలూ తొక్కి,
తాను బయల్దేరిన తెల్లరేకు మీదికే వచ్చి
కాలెట్టినాడు.
ఎత్తుకున్నారు వాడిని.

నాను కుట్టినవి కోర్టుకెల్లినాయి, పెళ్ళిళ్ళకెల్లినాయి,
మడిసిని సాగనంపీటప్పుడు కాటి బయట ఆగినాయి.
గాల్లోకెల్లింది ఇదొక్కటే.

ఇంటికొస్తూ పాత వంతెన మీద నిలబడ్డాను.
ఏరు సీకట్లో ఉన్నాది, ఏటీ సెప్పదు.
కళ్ళేపల్లి కాడ ఎవడి వలకో సిక్కి
ఇదేటి కాయరా అని వాడు కొరికి సూస్తాడేమో.

సోమారం మాస్టరొచ్చినాడు.
"ఒకటి ఏట్లో పోనాది యర్రయ్యా."
"సూసినాను."
పదకొండుకీ లెక్కగట్టి
నూటపది తీసుకున్నాను.